గణనయంత్రమునకు గాదె ఎంత?

గాదె కట్టించు రైతు ఈ యేటి పంటను మాత్రమే కొలిచి కట్టింపడు. రాబోవు పంటలను, పెరుగబోవు కుటుంబమును మనసునందుంచుకొని కట్టించును. అట్లని ఊరి పంటయంతయు పట్టునంతటి గాదెను కట్టించి, సగము ఖాళీగా నుంచి, అప్పు తీర్చలేక బాధపడువాడును వివేకి యనిపించుకొనడు. ఉత్తరాంధ్ర పల్లెలనుండి ఉద్యోగార్థము వచ్చి జుగ్సలాయిలోను, టాటానగరు పరిసరములలోను స్థిరపడిన మన తెలుగు కుటుంబములకు ఈ విషయము క్రొత్తది కాదు. నేడు అదే ప్రశ్న కంప్యూటరు కొనునపుడు ఎదురగుచున్నది. పదికాలములు నిలువవలసిన యంత్రమునందు లోపలి నిల్వ ఎంత యుండవలెను? దీనికి చరిత్రనడిగి సమాధానము తెలిసికొనుట మేలు.

మొదట మన యూరి చరిత్రనే చూతము. ఇచట ఉక్కు కర్మాగారము వెలయుటకు ఎంతో ముందు, 1902లోనే, జంషెడ్జీ టాటా తన కుమారుడు దొరాబ్జీకి వ్రాసిన లేఖలో, కట్టబోవు పట్టణమునకు వెడల్పయిన వీధులు, నీడనిచ్చు చెట్లు, విశాలమైన ఆటస్థలములు ఉండవలెనని సూచించెను. ఆయన 1904లో గతించెను. కంపెనీ 1907లో ఏర్పడెను. 1912లో ఉక్కు వెలువడెను. 1919లో సాక్చికి జంషెడ్‌పూరనియు, కాలిమాటి స్టేషనుకు టాటానగరనియు పేర్లు వచ్చెను. వీధి ఒకసారి ఇరుకుగా నేర్పడి, ఇరువైపుల ఇండ్లు లేచిన పిమ్మట దానిని వెడల్పు చేయుట ఎంత కష్టమో, జుగ్సలాయి బజారులో నడచువారికి వేరుగ చెప్పనక్కరలేదు. తరువాత మార్చుటకు వీలులేని దానిని మొదటనే విశాలముగా నేర్పరచుకొనవలెను. మార్చుటకు వీలున్నదానిని అవసరము మేరకు పెంచుకొనవచ్చును. ఈ సూత్రమే కంప్యూటరునకును వర్తించును.

1950 దశకము నడుమ కలకత్తాలోని భారతీయ గణాంకశాస్త్ర సంస్థకు ఇంగ్లండునుండి ఒక కంప్యూటరు వచ్చెను. దాని నిల్వ, తిరుగుచుండు అయస్కాంతపు పీపాపై 1,024 పదములు మాత్రమే. 1956లో అమెరికాలోని ఐ.బి.ఎం. కంపెనీ రామాక్ అను యంత్రమును వెలువరించెను. 24 అంగుళముల వ్యాసము గల 50 పళ్లెములు చేరి అందు 50 లక్షల అక్షరములను నిలుపుచుండెను. నేటి చేతిఫోనుతో తీసిన ఛాయాచిత్రములు ఒకటి రెండింటికి మించి అందు పట్టవు.

అట్టి కాలములో ఒక్కొక్క అక్షరమునకును చోటు వెలగలదిగా నుండెను. 80 నిలువు వరుసల చిల్లుల కార్డుపై సంవత్సరమును నాలుగంకెలలో వ్రాయక, చివరి రెండంకెలతో సరిపెట్టుకొనిరి. ఆ పొదుపు నాటికి న్యాయమైనదే. కాని ఆ ప్రోగ్రాములు తమ్ము వ్రాసినవారి యంచనాలను మించి బ్రదికినవి. 2000 సంవత్సరము సమీపించిన కొలది, 00 అనిన 1900 యో 2000 యో యంత్రమునకు తెలియని చిక్కు వచ్చెను. దానిని సరిదిద్దుటకు ప్రపంచమంతట అపారమైన ధనము వ్యయమయ్యెను. ఆ పనికై అమెరికా వెళ్లినవారిలో మన తెలుగు యువకులు పెక్కురు గలరు. రెండక్షరముల చోటు మిగిల్చిన పొదుపు చివరకెట్లు పరిణమించెనో చూడుడు.

తరువాతి కథ వేగముగా నడచెను. 1983లో ఐ.బి.ఎం. వారి పీసీ ఎక్స్‌టీ యందు 10 మెగాబైట్ల డిస్కు ఉండెను. 2001లో వచ్చిన విండోస్ ఎక్స్‌పీకి ఒకటిన్నర గిగాబైట్ల చోటు చాలును. 2009 నాటి విండోస్ 7కు 16 మొదలు 20 గిగాబైట్లును, 2021 నాటి విండోస్ 11కు 64 గిగాబైట్లును కావలసివచ్చెను. ఇరువదేండ్లలో నలువది రెట్లకు పైగా పెరిగినదన్నమాట. 32 గిగాబైట్ల నిల్వను పలకకే అతికించి అమ్మిన చౌక ల్యాప్‌టాపులు, విండోస్ 10 యొక్క పెద్ద సవరణలకు చోటు చాలక తడబడినవి. వాని మీటలు చెడలేదు, తెర చెడలేదు. గాదె నిండినందుననే అవి మూలబడినవి.

కావున కొనువారు మొదట విచారింపవలసినది, నిల్వను తరువాత మార్చుకొనవచ్చునా, లేక పలకకే అతికియున్నదా యనునది. మార్చుకొనవచ్చునేని నేటి యవసరమునకు తగినంత కొనిన చాలును. నిల్వ ధర దశాబ్దములుగా మొత్తముమీద తగ్గుచునే వచ్చినది. అతికియున్నచో, యంత్రపు చివరి సంవత్సరమును తలచుకొని కొనవలెను.

2016 నాటి ఉత్తరువుల ప్రకారము కేంద్ర ప్రభుత్వోద్యోగికి కంప్యూటరు అడ్వాన్సు 50,000 రూపాయలు లేక అసలు ధర, ఏది తక్కువయైన నది, ఉద్యోగకాలములో అయిదు పర్యాయములకు మించకుండ అనుమతింపబడెను. 35 ఏండ్ల ఉద్యోగమును అయిదింట భాగింపగా ఒక్కొక్క యంత్రమునకు ఏడేండ్లు వచ్చును. సిస్టమునకును సాఫ్టువేరునకును 80 గిగాబైట్లు, ఇప్పటికే యున్న చిత్రములకును కాగితములకును 100, ఏటేట చేరు 25 చొప్పున ఏడేండ్లకు 175 అనుకొందము. మొత్తము 355. ఇందుపై అయిదవవంతు ఖాళీ యుంచవలెనన్న సుమారు 444 కావలెను. 512 గిగాబైట్ల డిస్కును విండోస్ 476గా చూపును. అది ఈ కుటుంబమునకు సరిపోవును. 256 చాలదు; వేయి అనవసరము.

ఖాళీ యేల యనవచ్చును. 1980 దశకములో జపానుదేశపు తోషిబాలో ఫుజియో మసువొకా కనుగొనిన ఫ్లాష్ నిల్వయందు, వ్రాసినదానిపై నేరుగా మరల వ్రాయుటకు వీలులేదు. ఒక గది మొత్తమును తుడిచిన పిమ్మటనే క్రొత్తది వ్రాయవలెను. పాతదానిని సర్దుటకు చోటు లేనిచో యంత్రము మందగించును, అరుగుదలయు హెచ్చును. ధాన్యము తిరుగబోయుటకు గాదెలో కొంత జాగా కావలసినట్లే ఇదియు.

చివరి మాట యొకటి. గాదె పెద్దదైనను నిప్పునకు అంతయు నొక్కటే. తల్లిదండ్రుల చిత్రములు, సర్వీసు కాగితములు, పిల్లల సర్టిఫికెట్లు ఒక్క యంత్రముననే యుంచి నిశ్చింతగా నుండరాదు. పెద్ద నిల్వకు వెచ్చింపదలచిన సొమ్ములో కొంత మిగిల్చి, వేరొక డిస్కు కొని, వానికి రెండవ ప్రతి తీసి వేరుచోట దాచుట గృహస్థుని ధర్మము. యంత్రము ఏడేండ్లు నిలిచిన చాలును. అందలి జ్ఞాపకములు మాత్రము తరతరములకు నిలువవలెను.