ఆటలో ఊరంతా తిరగొచ్చు, ఆ ఊరిని గీసిందెవరు?



మనలో చాలామంది కారు స్టీరింగ్ పట్టుకోకముందే కీబోర్డు మీద కారు నడిపినోళ్లం. హాస్టల్‌కి సెలవిస్తే నెట్ సెంటర్‌కి పోయి, 'వైస్ సిటీ'లో మిషన్లు వదిలేసి ఊరికే రోడ్లన్నీ తిరిగేవాళ్లం. ఆ తిరుగుడుకీ ఒక చరిత్ర ఉంది.

మొదట్లో కారు ఆటంటే గీసిన ట్రాకే. పక్క సందులోకి తిప్పుదామంటే దారే ఉండదు. 1986లో బ్రిటన్‌లోని డ్యూరెల్ సాఫ్ట్‌వేర్ 'టర్బో ఎస్ప్రిట్' తెచ్చింది. స్మగ్లర్లను పట్టుకోవాలి, కానీ ఏ వీధిలో పోవాలన్నది మన ఇష్టం. నాలుగు పట్టణాలు, సిగ్నల్ లైట్లు, వన్‌వేలు, నడిచే జనం. ఇదంతా 48 కిలోబైట్ల మెమరీలోనే! ఇప్పుడు మన ఫోన్‌లో ఒక్క ఫొటో అంతకంటే ఎన్నో రెట్లు పెద్దది.

1997లో స్కాట్లాండ్‌లోని డండీ పట్టణం నుంచి 'గ్రాండ్ తెఫ్ట్ ఆటో' వచ్చింది. అందులో నగరాన్ని పైనుంచి చూస్తాం. 1999లో 'డ్రైవర్', 'మిడ్‌టౌన్ మ్యాడ్‌నెస్' మనల్ని రోడ్డు మీదికి దించాయి. రెండో దాంట్లో షికాగో అంతా పందెం లేకుండానే తిరగొచ్చు. 2001లో 'గ్రాండ్ తెఫ్ట్ ఆటో 3' వచ్చాక, కారు దిగి నడవడం, ఇంకో కారెక్కడం ఈ త్రీడీ ఆటలకు మామూలైపోయింది. మరుసటి ఏడాదే 'వైస్ సిటీ'. అది 1980ల నాటి అమెరికా మయామీ నగరానికి నకలు.

మనం అంతగా పట్టించుకోని సంగతి ఇక్కడే ఉంది. ఆ ఆటలో హైతీ వాళ్ల పేట ఒకటుంది. హైతీ అంటే బానిసత్వం మీద తిరగబడి 1804లో స్వతంత్రమైన నల్లజాతి దేశం. ఆటలో మాత్రం వాళ్లు ఒక ముఠా. హైతీయులను చంపమనే మాట కూడా ఒకచోట వస్తుంది. 2003లో అమెరికాలోని హైతీ సంతతివాళ్లు రోడ్డెక్కారు. కథలో ముఠా ఉంటే ఉండనీ, జాతి మొత్తం పేరు పెట్టి చంపమనడమేంటని అడిగారు. కంపెనీ క్షమాపణ చెప్పి, తర్వాతి కాపీల్లో ఆ మాట తీసేసింది.

"ఆటే కదా" అంటారు కొందరు. నిజమే, ఆటే. కానీ ఆ వీధుల్లో గంటలకొద్దీ తిరిగిన మనలో ఎంతమందికి హైతీ పేరు మొదట అక్కడే వినబడింది? మనకు తెలిసింది ముఠా, 1804 కాదు. సినిమాల్లో మన గూడేలను, మన భాషను ఎగతాళిగా చూపించినప్పుడు మనకెలా మండుతుందో వాళ్లకూ అలాగే మండింది.

ఎటైనా తిరగొచ్చన్నది నిజమే. కానీ ఏ వీధి ఉండాలి, అందులో ఎవరు ఎలా కనబడాలి అన్నది గీసినోడి చేతిలో ఉంటుంది. మన గ్రూపులో కోడింగ్ నేర్చుకుంటున్న తమ్ముళ్లు, చెల్లెళ్లు ఉన్నారు. ఘాట్ రోడ్డు, సంత, వర్షాకాలంలో వాగు దగ్గర ఆగిపోయే ఆటో ఉన్న మ్యాప్ ఒకటి మీరు గీస్తే, మొదట ఏ ఊరు పెడతారు? కామెంట్లో రాయండి.