పన్ను లేని దేశంలో లోటు ఎవరు పూడుస్తారు? ఖతార్ ద్రవ్య విధానంపై ఒక పరిశీలన (2016–2025)

ఖజానాకు లోటు వస్తే ప్రభుత్వం పన్ను పెంచాలి, అప్పు తేవాలి, లేదా ఖర్చు తగ్గించాలి. ఈ మూడింటిలో మొదటిది ఖతార్‌లో దాదాపు లేనట్టే. అక్కడ జీతం మీద ఆదాయపు పన్ను లేదు. వ్యాట్ లేదు. వ్యాపార లాభాల్లో ఖతార్ పౌరుల వాటాకూ, తక్కిన గల్ఫ్ సహకార మండలి దేశస్థుల వాటాకూ మినహాయింపు ఉంది. 2018 నాటి 24వ చట్టం విదేశీయుల వ్యాపార లాభంపై 10 శాతం పన్ను వేసింది. పెట్రోలియం కంపెనీలకు అది 35 శాతం. ఖజానాను నింపేది చమురూ గ్యాసూ. అలాంటప్పుడు లోటు భారం చివరికి ఎవరి మీద పడుతుంది? పన్నుల పద్దులో వెతికితే దీనికి జవాబు దొరకదనీ, పరదేశి ఉద్యోగి జీతం చీటీలో వెతకాలనీ ఈ వ్యాసం వాదన.

2014 మధ్యలో పీపా 110 డాలర్లు దాటిన చమురు 2016 జనవరికి 30 డాలర్ల కిందికి జారింది. ఖతార్ గ్యాసు అమ్మకాల్లో చాలావరకు చమురు ధరతో ముడిపడిన దీర్ఘకాలిక ఒప్పందాలే కాబట్టి రెండు ఆదాయాలూ కలిసే పడ్డాయి. 2016 బడ్జెట్‌లో 156 బిలియన్ రియాళ్ల రాబడికి ఎదురుగా 202.5 బిలియన్ల ఖర్చు నిలిచింది. పదిహేనేళ్లలో అదే తొలి లోటు: 46.5 బిలియన్లు. 2015 ఆఖరి రోజున మన గ్యాసు దిగుమతి సంస్థ పెట్రోనెట్, ఖతార్ గ్యాసు సంస్థ రాస్‌గ్యాస్‌తో ధర సూత్రాన్ని తిరగరాయించుకోవడం కూడా ఈ కథలో భాగమే. మన కొనుగోలుదార్లు ఊపిరి పీల్చుకున్న ఆ సవరణ దోహాలో రాబడి కోతగా నమోదైంది.

రియాల్‌ను డాలరుకు 3.64 దగ్గర కట్టేశారు గనుక కరెన్సీ విలువ తగ్గించే దారి లేదు. 2016 మేలో 9 బిలియన్ డాలర్ల బాండ్లు అమ్మారు. అంతకుముందే, జనవరిలో, లీటరు సాధారణ పెట్రోలు ధరను 0.85 రియాళ్ల నుంచి 1.15 రియాళ్లకు పెంచారు. పౌరుడి జేబుకూ తగిలిన కోత ఏదైనా ఉందంటే ఇదే.

లోటు అంకెను మాత్రం ఉన్నదున్నట్టు తీసుకోకూడదు. అది అనుకున్న చమురు ధర మీద కట్టిన అంచనా. 2016లో పీపా 48 డాలర్లని, 2021లో 40 అని, 2022లో 55 అని లెక్క వేశారు. 2022కి 8.3 బిలియన్ రియాళ్ల లోటు వస్తుందన్నారు. ఉక్రెయిన్ యుద్ధంతో ధరలు ఎగిసి ఏడాది ముగిసేసరికి దాదాపు 89 బిలియన్ల మిగులు తేలింది. లోటు నుంచి ఇంత మిగులుకు ఏ పన్ను సంస్కరణా తీసుకురాలేదు. నా దృష్టిలో ఆ తక్కువ ధర అంచనా మంత్రిత్వ శాఖల చేతులు కట్టే సాధనం. ఈ రకం లోటుకు దివాలాతో సంబంధం తక్కువ. 2017 జూన్‌లో సౌదీ, యూఏఈ, బహ్రెయిన్, ఈజిప్టు దిగ్బంధం విధించినప్పుడు ఖతార్ తన నిల్వల నుంచి 40 బిలియన్ డాలర్ల దాకా తెచ్చి బ్యాంకులను నిలబెట్టగలిగింది.

అంత సొమ్మున్నవాళ్లు కోతలు దేనికి పెట్టారు? విదేశాల్లోని ఆస్తులు అమ్ముకోవడం వాళ్లకు ఇష్టం లేదు. ఫుట్‌బాల్ ప్రపంచ కప్ పనులు ఆపడానికి వీల్లేదు. మౌలిక సదుపాయాలకు వారానికి దాదాపు 50 కోట్ల డాలర్లు ఖర్చవుతోందని 2017లో అప్పటి ఆర్థిక మంత్రి అలీ షరీఫ్ అల్ ఎమాదీ చెప్పారు. పౌరుల ఉద్యోగాలూ రాయితీలూ రాజకీయంగా ముట్టుకోలేనివి. అన్నీ తీసేస్తే కత్తెరకు దొరికేది పరదేశుల జీతాల పద్దే.

2020లో ఈ సంగతి బయటపడింది. కోవిడ్ దెబ్బకు మార్చిలో 75 బిలియన్ రియాళ్ల ఉద్దీపన ప్రకటించారు. అప్పుల వాయిదాలు వెనక్కి జరిపారు, ఆహారం, మందులపై కస్టమ్స్ సుంకం ఆరు నెలలు ఎత్తేశారు, 10 బిలియన్లు స్టాక్ మార్కెట్‌లో పెట్టమని ప్రభుత్వ నిధులకు చెప్పారు. ఏప్రిల్‌లో 10 బిలియన్ డాలర్ల బాండ్లూ అమ్మారు. మరో పక్క, జూన్ 1 నుంచి ఖతారీలు కాని ఉద్యోగుల ఖర్చును 30 శాతం తగ్గించాలని ఆర్థిక మంత్రిత్వ శాఖ ప్రభుత్వ సంస్థలకు రాసింది. జీతం కోయాలి, లేదా రెండు నెలల నోటీసు ఇచ్చి పంపేయాలి. ప్రైవేటు కంపెనీలకు ఆ లేఖ వర్తించదు. ఆంక్షలవల్ల పని ఆగిన కంపెనీలకు మాత్రం కూలీలను జీతం లేని సెలవులో పెట్టే వెసులుబాటు అంతకుముందే దొరికింది. గూడు, తిండి చూడాలన్నది షరతు. ఆదాయపు పన్నే లేని దేశంలో ఒక వర్గం రాబడి నుంచి 30 శాతం పోయింది. దాన్ని పన్ను అనకపోవడానికి ఒకే కారణం, చట్టంలో ఆ పేరు లేదు.

పన్ను పేరున్నవాటిదీ దాదాపు అదే దారి. 2019 జనవరి 1 నుంచి పొగాకుపైనా ఎనర్జీ డ్రింకులపైనా 100 శాతం, కూల్ డ్రింకులపై 50 శాతం ఎక్సైజ్ పన్ను వచ్చింది. ఆరోగ్యం కోసమన్నారు, కొంతవరకు నిజమే. రాత్రి డ్యూటీ డ్రైవరు నిద్ర ఆపుకోవడానికి తాగే డబ్బా మీద మాత్రం పన్ను రెట్టింపు ధరగా పడింది. గల్ఫ్ దేశాలు ఒప్పుకున్న 5 శాతం వ్యాట్‌ను సౌదీ, యూఏఈ 2018లో మొదలుపెట్టాయి. 2020లో సౌదీ దాన్ని 15కు పెంచింది. ఖతార్ మాత్రం 2025 వచ్చినా అమలుచేయలేదు. బహుళజాతి సంస్థలపై 2025 నుంచి తెచ్చిన 15 శాతం కనీస పన్ను తెలివైన అడుగే. ఆ 15 శాతానికీ సంస్థ నిజంగా కట్టేదానికీ మధ్య తేడాను దోహా వసూలు చేయకపోతే మరో దేశం వసూలు చేసుకుంటుంది. 75 కోట్ల యూరోలకు పైబడిన ఆదాయం ఉన్న సంస్థలకే ఇది వర్తిస్తుంది కాబట్టి దేశంలో దీన్ని ప్రశ్నించేవాడు లేడు.

2025 బడ్జెట్‌లో మళ్లీ 13.2 బిలియన్ రియాళ్ల లోటు చూపారు. చమురు అంచనా పీపాకు 60 డాలర్లు. నార్త్ ఫీల్డ్ గ్యాసు క్షేత్రం విస్తరణతో గ్యాసు ద్రవీకరణ సామర్థ్యాన్ని ఏటా 77 మిలియన్ టన్నుల నుంచి 2030కల్లా 142 మిలియన్లకు చేర్చాలన్నది లక్ష్యం. ఉత్పత్తి పెరిగితే ప్రపంచ ధర తగ్గొచ్చు, కాబట్టి రాబడి అదే లెక్కన పెరుగుతుందని చెప్పలేం.

గల్ఫ్‌కు కూలీలను పంపే జగిత్యాల, సిరిసిల్ల, నిజామాబాద్, కడప ఊళ్లలో ఈ లెక్కకు మరో చివర ఉంది. 2021 మార్చి నుంచి ఖతార్‌లో కనీస మూల వేతనం 1000 రియాళ్లు. బస, తిండి కంపెనీ ఇవ్వకపోతే 500, 300 అదనం. వీసాకు చేసిన అప్పు తీరేది దీనిలోంచే. ఓవర్ టైం ఆగితే ముందు ఆగేది ఆ కిస్తీ. గల్ఫ్‌లో చనిపోయిన కార్మికుల కుటుంబాలకు తెలంగాణ ప్రభుత్వం 2024లో 5 లక్షల పరిహారం ప్రకటించింది, అవసరమైన పనే. జీతం కోసి బతికుండగానే తిప్పి పంపినవాడి నష్టం వేరు. చమురు పడిన ఏడాదిలో అది ఒకరిద్దరితో ఆగదు, ఊళ్లకు ఊళ్లకే తగులుతుంది. మన రాష్ట్ర బడ్జెట్లు దాన్ని వర్షాభావంలా ముందే లెక్కలోకి తీసుకోవచ్చు. దోహా ప్రతి డిసెంబరులో తన చమురు అంచనాను బహిరంగంగానే ప్రకటిస్తుంది.