కారాగారాల్లో నోటరీ సేవలు (అమెరికా)

ఖైదీ సంతకాన్ని ధ్రువీకరించడానికి నోటరీ స్వయంగా జైలుకు వెళ్లి చేసే పని ఇది. ఇంటికో, ఆస్పత్రికో, జైలుకో వెళ్లి ముద్ర వేసేవారిని అమెరికాలో మొబైల్ నోటరీలంటారు. మనిషి జైల్లో ఉన్నా బయట అతని సంసారం ఆగదు. కారు అమ్మాలి, ఇంటి దస్తావేజు మార్చాలి, పిల్లల బాగోగులు అమ్మమ్మకు అప్పగించాలి, విడాకుల కాగితాలు దాఖలు చేయాలి. వీటిలో చాలావాటికి సంతకంతోపాటు నోటరీ ముద్ర కావాలి. సంతకం పెట్టే మనిషి నోటరీ ఎదుట ఉండి తీరాలన్నది పాత నియమం. ఖైదీ రాలేడు కాబట్టి నోటరీయే వెళ్లాలి.

ఈ అవసరాన్ని ఖైదీ హక్కులో భాగంగా చూసిన తీర్పు 1977 ఏప్రిల్ 27న వచ్చింది. నార్త్ కరోలినా ఖైదీలు వేసిన బౌండ్స్ వర్సెస్ స్మిత్ కేసులో జస్టిస్ థర్‌గుడ్ మార్షల్ సుప్రీంకోర్టు తీర్పు రాశారు. పేద ఖైదీలకు అర్జీ రాసుకోను కాగితం, కలం, దాన్ని ధ్రువీకరించే నోటరీ సేవ, పంపడానికి తపాలా బిళ్లలు ప్రభుత్వ ఖర్చుతోనే ఇవ్వాలన్నారు. కాగితం, కలాల సరసన నోటరీని కూడా చేర్చడంలోనే ఆ తీర్పు లోచూపు ఉంది. ముద్ర లేదని అర్జీ తిరిగొస్తే, రాసుకునే హక్కు ఉండీ ఏం లాభం? 1996 నాటి లూయిస్ వర్సెస్ కేసీ తీర్పు ఈ హక్కును కుదించింది. తన కేసుకు నిజంగా నష్టం జరిగిందని ఖైదీయే చూపాలంది. పైగా ఇవన్నీ కోర్టు వ్యవహారాలకు సంబంధించిన మాటలు. ఇల్లు, కారు, పిల్లల కాగితాలకు కుటుంబమే డబ్బిచ్చి నోటరీని పిలిపించుకోవాల్సి వస్తుంది.

ముద్ర అవసరాన్నే తగ్గించే ప్రయత్నమూ జరిగింది. అబద్ధమైతే శిక్షకు లోబడతానని రాసి, తేదీ వేసి సంతకం చేసిన ప్రకటనను నోటరీ లేకుండానే ఫెడరల్ కోర్టులు స్వీకరించేలా 1976లో చట్టం వచ్చింది. ఫెడరల్ జైళ్లలో వార్డెన్లు, అధికారమిచ్చిన ఇతర సిబ్బంది ఖైదీలతో ప్రమాణం చేయించి సంతకాలు ధ్రువీకరించవచ్చు, రుసుము మాత్రం తీసుకోకూడదు. బయటి నోటరీల పని ఎక్కువగా రాష్ట్రాల జైళ్లలోనూ, విచారణ ఖైదీలుండే కౌంటీ జైళ్లలోనూ ఉంటుంది.

అసలు చిక్కు గుర్తింపు దగ్గరే. అరెస్టయినప్పుడు పర్సు, లైసెన్సు అధికారుల స్వాధీనంలోకి పోతాయి. కాలిఫోర్నియాలో రాష్ట్ర కారాగార శాఖ ఇచ్చే ఖైదీ కార్డు చెల్లేది గానీ, కౌంటీ జైలు గుర్తింపు చెల్లేది కాదు. వేలిముద్రలు తీసుకుని, పేరు రాసి లోపల పెట్టిన ప్రభుత్వమే అతను ఫలానా అని ఒప్పుకోనట్టుండే ఈ పద్ధతి అన్యాయమైనది. అప్పట్లో చట్టం ఒప్పుకునే సాక్షులను కుటుంబం వెతుక్కుని జైలుదాకా తీసుకురావాల్సి వచ్చేది. కౌంటీ జైళ్లు నడిపే షెరీఫ్ శాఖ ఇచ్చే ఖైదీ గుర్తింపు కూడా చాలునని చేసిన సవరణ తర్వాత అమల్లోకి వచ్చింది. 2017 జనవరి 1 నుంచి అక్కడ సంతకానికి గరిష్ఠ రుసుము 10 డాలర్ల నుంచి 15కి పెరిగింది. ప్రయాణ ఖర్చుకు మాత్రం చట్టం హద్దు పెట్టలేదు. జైలు దూరమైనకొద్దీ కుటుంబం మీద పడే అసలు భారం అదే.

నోటరీ ముందుగా జైలు అనుమతి తీసుకోవాలి. చాలాచోట్ల ములాఖత్ గదిలో మధ్య అద్దం ఉంటుంది. కాగితాన్ని సిబ్బంది చేతో, చిన్న సందులోంచో అటూ ఇటూ దాటిస్తారు. పవర్ ఆఫ్ అటార్నీ, స్థిరాస్తి దస్తావేజులకైతే కాలిఫోర్నియా నోటరీ తన రిజిస్టరులో వేలిముద్ర కూడా తీసుకోవాలి. న్యాయవాది కాని నోటరీ చట్ట సలహా ఇవ్వకూడదు. ఏం రాసుందో చెప్పమని ఖైదీ అడిగినప్పుడు ఆ నియమం ఇద్దరికీ కష్టంగానే ఉంటుంది.

పెళ్లికీ ఈ ముద్ర కావాలి. ఖైదీలకు వివాహ హక్కు ఉందని 1987లో టర్నర్ వర్సెస్ సాఫ్లీ కేసులో సుప్రీంకోర్టు చెప్పింది. లైసెన్సు కోసం క్లర్కు ఎదుటికి రాలేని ఖైదీ సంతకాన్ని కాలిఫోర్నియాలో నోటరీ గానీ కోర్టు గానీ ధ్రువీకరించాలి.

వీడియో ద్వారా నోటరీ చేయడాన్ని 2012లో వర్జీనియా మొదలుపెట్టింది. జైల్లో దాన్ని వాడాలంటే అధికారులు ఇంటర్నెట్ ఇవ్వాలి.

భారతదేశంలో ఖైదీ వకాల్తాపై సంతకాన్ని జైలు అధికారి ధ్రువీకరించే ఆనవాయితీ ఉంది. దస్తావేజుల విషయంలో 1908 నాటి రిజిస్ట్రేషన్ చట్టం 38వ సెక్షన్ జైల్లో ఉన్నవారికి కార్యాలయానికి రావడం నుంచి మినహాయింపు ఇచ్చింది. రిజిస్టరింగ్ అధికారి తానే జైలుకు వెళ్లి విచారించాలి, లేదా అందుకు కమిషన్‌ను పంపాలి.