లుడ్విగ్ ఆంజైనా

లుడ్విగ్ ఆంజైనా అనేది నోటి అడుగు భాగానికి, దవడ కింది మెత్తని కణజాలానికి సోకి వేగంగా వ్యాపించే ప్రమాదకరమైన బాక్టీరియా వ్యాధి. జర్మన్ వైద్యుడు విల్హెల్మ్ ఫ్రెడరిక్ ఫాన్ లుడ్విగ్ 1836లో దీనిని వర్ణించాడు. ఆంజైనా అనే మాటకు మూలం లాటిన్‌లో ఊపిరి ఆడకుండా నొక్కడం అనే అర్థమున్న పదం. గుండెకు సంబంధించిన ఆంజైనాతో దీనికి పేరులో తప్ప పోలిక లేదు.

కారణం

చాలామందిలో ఇది కింది దవడలోని పిప్పిపన్నుతో మొదలవుతుంది. రెండవ, మూడవ చర్వణకాల (దవడ పళ్ళు) వేళ్ళ కొనలు మైలోహయాయిడ్ కండరం ఎముకకు అతుక్కునే చోటుకు దిగువన ఉంటాయి. అందువలన అక్కడి సూక్ష్మజీవులు నేరుగా దవడ కిందికి చేరి, నాలుక కిందికి, మెడలోనికి పాకుతాయి.

మధుమేహంతో సంబంధం

ఈ వ్యాధి వచ్చే అవకాశాన్ని పెంచే వాటిలో మధుమేహం ముఖ్యమైనది. రక్తంలో చక్కెర అదుపులో లేనప్పుడు సూక్ష్మజీవులను మింగే తెల్ల రక్తకణాలు చురుకుదనం కోల్పోతాయి. సన్నని రక్తనాళాలు దెబ్బతిని రక్తప్రసరణ తగ్గుతుంది. మరోవైపు, వ్యాధి సోకిన శరీరం విడుదల చేసే అడ్రినలిన్, కార్టిసాల్ వంటి హార్మోనులు చక్కెరను ఇంకా పెంచుతాయి. ఈ విధంగా ఒకటి రెండవదానిని ఎగదోస్తుంది. నొప్పి వలన తినలేకపోయిన రోగి, భోజనం లేదు గదా అని ఇన్సులిన్‌ను సొంతంగా మానివేస్తే రక్తంలో కీటోనులు పేరుకొని ప్రాణాపాయం కలుగవచ్చు. తమకు మధుమేహమున్నదని కొందరికి ఈ వ్యాధితో ఆసుపత్రిలో చేరిన తరువాతనే తెలుస్తుంది.

లక్షణాలు

దవడ కింద రెండు వైపులా వాపు, జ్వరం, నోరు తెరవలేకపోవడం, మింగలేక చొంగ కారడం, మాట ముద్దగా రావడం కనిపిస్తాయి. నాలుక పైకి, వెనుకకు నెట్టబడుతుంది. వాపు చెక్కవలె గట్టిగా ఉంటుంది. తొలి దశలో చీము చేరకపోవచ్చు. కాబట్టి గడ్డ పక్వానికి రావాలని పట్లు వేస్తూ, నొప్పి మాత్రలతో రోజులు గడపడం చాలా ప్రమాదకరం. వెల్లకిలా పడుకోలేకపోవడం, ఊపిరిలో గురక వంటి శబ్దం రావడం శ్వాసమార్గం మూసుకుపోతున్నదనడానికి గుర్తులు. అప్పుడు గంటల ఆలస్యం కూడా ప్రాణం తీయవచ్చు.

చికిత్స

మొదట శ్వాసమార్గాన్ని కాపాడతారు. అవసరమైతే మెడ వద్ద శ్వాసనాళానికి రంధ్రం చేస్తారు. రక్తనాళం ద్వారా యాంటీబయాటిక్‌లు, చక్కెర అదుపునకు ఇన్సులిన్ ఇస్తారు. చీము చేరితే కోసి తీస్తారు. మూలమైన పన్నును తొలగిస్తారు. వ్యాధి ఛాతీలోనికి దిగితే చికిత్స కష్టతరమవుతుంది. యాంటీబయాటిక్‌లు రాక పూర్వం రోగులలో సగానికి పైగా మరణించేవారు. సకాలంలో చికిత్స అందితే ఇప్పుడు అత్యధికులు కోలుకుంటున్నారు.