తెనాలి ఋతుచర్య

భోజనమునందును, కళలయందును, ఋతువును బట్టి చేయు విహారములయందును అభిరుచి కలిగి జీవించుట రాజధానులలో నివసించువారికే చెల్లునని తలచువారు కృష్ణా పశ్చిమ డెల్టాలోని తెనాలి చరిత్రను ఒకమారు పరిశీలింపవలెను. ఇచట రాజాస్థానము లేదు, ఓడరేవు లేదు. 1909లో పురపాలక సంఘము ఏర్పడునాటికి ఇది వరిపొలముల నడుమ ఎదుగుచున్న వర్తకపు టూరు. అయినను, ఆ తరువాతి ముప్పది నలువది యేండ్లలో ఈ ఊరు నాటకమునకు, పుస్తకమునకు, విందునకు, వాదమునకు ఆటపట్టై, ఆంధ్ర పారిస్ అను పేరును లోకుల నోట స్థిరపరచుకొన్నది. ఆ నాగరకత తెనాలి యొక్కదాని సొత్తు కాదనియు, బాపట్ల కడలిని, రేపల్లె దాపున పారు కృష్ణను కలుపుకొని మూడు తాలూకాల పల్లెలు కలసి నిర్మించుకొన్న ఉమ్మడి ఆస్తి అనియు నా విశ్వాసము.

ఈ విలాసమునకు మూలము నీరు. 1832–33లో, నందన నామ సంవత్సరమున వచ్చిన కరవు గుంటూరు సీమను శ్మశానము చేసినది. డొక్కలు బయటపడిన మనుష్యులు బాటల వెంబడి రాలిపోయిన ఆ కాలమును మన పెద్దలు డొక్కల కరవని తలచుకొనుచుండెడివారు. అటుపిమ్మట సర్ ఆర్థర్ కాటన్ ప్రోత్సాహమున, కెప్టెన్ ఓర్ ఆధ్వర్యవమున, బెజవాడ కడ కృష్ణకు అడ్డముగా ఆనకట్ట పని 1852లో మొదలై 1855లో పూర్తి కాగా, పడమటి గట్టు కాలువలు మెరకను పల్లమును వెదకికొని సముద్రము వైపు సాగినవి. వానిలో మూడు తెనాలి నడుమనే పారుచుండుట చేత, పొలమునకు నీరిచ్చిన కాలువయే ఊరికి బాటయు నైనది. ధాన్యము బస్తాలతో బరువెక్కిన పడవలు గట్టున నడచు మనుష్యుల మోకుల లాగుడుతోను, అనుకూలించిన గాలికెత్తిన చాపలతోను సాగుచుండ, ఆ పడవలలోనే యాత్రికులును, భాగవతులును, పెండ్లివారును ప్రయాణము చేసిరి.

వరి పండించువాని సంవత్సరము విచిత్రమైనది. ఆషాఢమున నారుపోతలు, శ్రావణమున నాట్లు, మార్గశిర పుష్యములలో కోతలును కుప్పనూర్పిళ్లును ముగియగా, కోతకు ముందే చేలలో చల్లిన మినుములు మంచు తేమతోనే పండి మాఘ ఫాల్గుణములలో ఇల్లు చేరును. అటుపై కాలువలు కట్టివేయు వేసవి వచ్చును. గాదెలో ధాన్యము, మొలలో నాలుగు రూపాయలు, చేతిలో మూడు నెలల తీరిక. ఈ తీరికను మరియొక సీమ మరియొక రీతిని వ్యయము చేసియుండును. డెల్టా రైతు దానిని నాటకమునకు ధారపోసినాడు.

అతనిని నాటకశాల చెంతకు చేర్చినది రైలు. 1899లో బెజవాడ నుండి చెన్నపట్టణము పోవు ఇనుపదారి తెనాలి, బాపట్లల మీదుగా నడచుటయు, 1916లో గుంటూరు నుండి తెనాలి మీదుగా రేపల్లెకు శాఖ ఏర్పడుటయు ఈ ప్రాంతపు రసిక జీవనమున గొప్ప మలుపులు. రేపల్లె వైపు పల్లెలవాడు సాయంకాలపు బండి నెక్కి తెనాలి దిగి, తెల్లవార్లు పద్యములు విని, ఉదయపు బండిలో ఇల్లు చేరి చద్దెన్నము తిని చేనికి పోగలిగెను. నాటకము తెల్లవారువరకు సాగుటకు రాగాలాపన దైర్ఘ్యమొకటే హేతువు కాదు; తిరుగు బండి లేనివాడు ఆ రాత్రి ఎచటనో గడపక తప్పదు గదా!

స్థానము నరసింహారావుగారు బాపట్లలో 1902లో జన్మించిరి. 1920లో ఆ యూరనే హరిశ్చంద్ర నాటకమునకు చంద్రమతి పాత్రధారి రాకపోవుటచే, అనుకొనకుండ ఆ వేషము వీరికి దక్కినది. బాపట్ల ఇచ్చిన ఆ విద్యను తెనాలి రామవిలాస సభ అను నాటక సమాజము సాన పట్టినది. శ్రీకృష్ణ తులాభారమున సత్యభామగా వారు రంగము మీదికి వచ్చునపుడు చూపిన నడక, జడను ముందునకు వేసికొను ఒయ్యారము, పైట సవరించుకొను తీరు, అలుకకును గర్వమునకును గల భేదమును కనుబొమ్మల కదలికలోనే తెలుపు నేర్పు — వీనిని చూచి గృహిణులు అలంకారము దిద్దుకొనిరని వృద్ధులు చెప్పుదురు. మీరజాలగలడా అను పాటను వారే రచించి పాడగా, వన్సుమోరు అను కేకలతో పందిరి దద్దరిల్లెడిది. ఒకే నటుడు దేవదేవి యొక్క వలపును, చిత్రాంగి యొక్క కామమును, మధురవాణి యొక్క చతురతను వేరువేరు స్త్రీలుగా నిలిపి చూపగలుగుట సామాన్యము కాదు. 1956లో భారత ప్రభుత్వము వారికి పద్మశ్రీ నొసగినది.

దుర్యోధనుడనిన మాధవపెద్ది వేంకటరామయ్యగారే యనిపించుకొన్న కాలమది. గోవిందరాజుల సుబ్బారావుగారు తెనాలిలో వైద్యము చేయుచునే రంగమునేలి, 1955 నాటి కన్యాశుల్కము చలనచిత్రమున లుబ్ధావధాన్లుగా దేశమునకంతకు పరిచితులైరి. 1929లో సురభి సమాజపు పెద్ద వనారస గోవిందరావుగారి పూనికతో ఆంధ్ర నాటక కళాపరిషత్తు తెనాలిలో పుట్టుట కాకతాళీయము కాదు. హార్మోనియము శ్రుతి ఒకింత తొలగినను నేల తరగతిలో కూర్చున్న రైతు ముఖము చిట్లించెడివాడు. పద్యమున ఒక పాదము జారవిడిచినచో వెనుక వరుస నుండి ఆ పాదము వినవచ్చెడిది. ఇట్టి ప్రేక్షకుడు నటునకు గురువు. ఆ గురుత్వము లేనిదే ఆ నటకులము లేదు.

ఈ రుచియే అచ్చు యంత్రము వైపును ప్రవహించినది. తెనాలివాడైన చక్రపాణి బెంగాలీ నేర్చి శరత్ బాబు నవలలను తెలుగు ఇండ్లలోనికి తెచ్చెను. 1947లో నాగిరెడ్డిగారితో కూడి చందమామ పత్రికను నెలకొల్పెను. 1909లో తెనాలిలో జన్మించిన కొడవటిగంటి కుటుంబరావుగారు మధ్యతరగతి సంసారములను నిర్మోహముగా పరికించి కథలు వ్రాసిరి. చిత్రసీమలో చక్రపాణి నిర్మించిన వినోదములలో పల్లెటూరి పందిరి క్రింద పరీక్షకు నిలిచిన హాస్యపు మితము కానవచ్చును.

ఇక భోజనము. చలికాలపు సాయంకాలమున తెనాలి అంగడి వీథిలో జిలేబి మూకుడు ఎదుట నిలిచినవానికి కాలము తెలియదు. పులిసిన పిండిని చిల్లుగల గుడ్డలో మూటగట్టి, కాగిన నూనెలో చుట్లు చుట్లుగా పిండి, అవి పొంగి కరకరలాడగానే తీసి బెల్లపు పాకమున ముంచి, క్షణమాగి, అడ్డాకులో పెట్టి ఇచ్చుచుందురు. పంచదార జిలేబి మెరపును దీనియందు వెదకరాదు. ముదురు రంగును, బెల్లపు వాసనయు, తీపి వెనుక సన్నని పులుపును దీని గుణములు. సంక్రాంతికి కొత్త బియ్యపు అరిసెలు, మాఘము దాటగానే కొత్త మినుములతో నేతి సున్నుండలు, బాపట్ల ఇసుక నేలల తాటితోపుల నుండి చలికాలమున కాల్చిన తేగలును వేసవిని లేత ముంజలును, ఎండలు ముదిరిన పిమ్మట ఆవకాయ జాడీలు — ఈ రీతిని నాలుకయే పంచాంగము పఠించెడిది. కాలము కాని కాలమున కోరిన వస్తువు దొరకకుండుటచే, దొరకిన నాటి రుచి పండుగయై నిలిచినది.

విహారములలో కార్తికమునకు అగ్రస్థానము. ఉసిరిచెట్టు నీడను అరటియాకులు పరచి, పులిహోరయు, కంద బచ్చలి కూరయు, గోంగూర పచ్చడియు వడ్డించుకొని ఊరెల్ల బంతి తీరు వనభోజనములకు డెల్టా తోటలు నెలవులైనవి. పూర్ణిమనాడు బాపట్లకు పోవువారు భావనారాయణస్వామిని సేవించి, అచటికి రెండు మూడు క్రోసుల దూరమున నున్న సూర్యలంక ఇసుక తీరమున సముద్రస్నానము చేయుదురు. రేపల్లె వైపు పోవువారికి పెనుమూడి కడ కృష్ణను దాటిన పిమ్మట మోపిదేవి సుబ్రహ్మణ్యస్వామి దర్శనమగును. ఈ తీరము పరదేశులకును క్రొత్త కాదు: రేపల్లె తాలూకాలోని నిజాంపట్నమును పెటపోలి యని పిలిచిన కాలమున, 1611లో, ఆంగ్లేయుల గ్లోబు అను ఓడ ఇచట లంగరు వేసినది. అద్దకపు వస్త్రములకై వారు వచ్చిరి. మనవారి చేతిపని మనకంటె ముందే సముద్రము దాటినది.

విలాసమున మునిగిన ఊరు ఆలోచన మరచునను మాట ఈ సీమ విషయమున చెల్లదు. 1913 మేలో ప్రథమాంధ్ర మహాసభ బాపట్లలో జరిగి ప్రత్యేక రాష్ట్ర వాంఛకు నోరిచ్చినది. త్రిపురనేని రామస్వామి చౌదరిగారు తెనాలి పురపాలకాధ్యక్షులై యుండగా గంగానమ్మ జాతరలోని జంతుబలిని నిషేధించి, అందులకై పదవికే ముప్పు తెచ్చుకొనిరి. 1942 ఆగస్టు 12న క్విట్ ఇండియా ఉద్యమమున పోలీసు కాల్పులకు ఏడుగురు బలియైన చోట రణరంగ చౌకు నేడును స్మారక స్తంభములతో నిలిచియున్నది. పద్యమును ఆస్వాదించిన జనమే ధర్మమును గూర్చి వాదించినది, ప్రాణములను ఒడ్డినది.

ఈ సౌఖ్యము అందరికిని సమముగా దక్కలేదని చెప్పకుండుట అన్యాయము. మోకాలి లోతు బురదలో నాట్లు వేసిన స్త్రీలు, కుప్పలు నూర్చిన పాలేరులు, పడవల మోకు లాగిన కూలీలు ఆ తీరికను ఇతరులకు సంపాదించి యిచ్చిరి. వారి నాట్ల పాటలకు పందిరియు, టిక్కెట్టును లేవు. సముద్రమును ఎల్లకాలము స్నానఘట్టము కాలేదు. 1977 నవంబరు 19న, కార్తిక మాసముననే, ఉప్పెన బాపట్ల, రేపల్లె తీరములను, దివిసీమను ముంచి వేలమందిని పొట్టన పెట్టుకొన్నది. అప్పుడు మొదట నశించినవి తీరమున నున్న పూరిగుడిసెలు.

2022లో జిల్లాల పునర్విభజనచే బాపట్లయు రేపల్లెయు ఒక జిల్లా, తెనాలి మరియొక జిల్లా అయినవి. పాలనకు గీత అవసరము కావచ్చును. కాలువకు ఆ గీత తెలియదు, కార్తికమునకు తెలియదు. ఈ సీమ రుచిని నిలుపుకొనదలచినవారు చేయవలసిన పనులు స్పష్టముగా నున్నవి: పాత నాటకముల పద్యములు పాడగల వృద్ధుల గళములను భద్రపరుపవలెను, ఋతుధర్మము నెరిగిన వంటను పిల్లలకు చేతులు పట్టి నేర్పవలెను, ఆ తీరికను నాట్లు వేయువారికిని పంచవలెను. అన్నిటికంటె ముందు, తెనాలి నడుమ పారు మూడు కాలువలను మురుగు నుండి కాపాడవలెను. తక్కినవన్నియు ఆ నీటి వెంటనే వచ్చినవి. ఆ నీరు చెడినచో వానిని నిలుపు ఉపాయము మరియొకటి లేదు.