ఇంటి కంప్యూటరులో తెలుగు లిపి

రెడ్డిగూడెములోని ఒక ఉపాధ్యాయుడు పదవ తరగతి సైన్సు ప్రశ్నపత్రమును తన కంప్యూటరులో తెలుగున టైపు చేసినాడనుకొందము. దానిని పెన్‌డ్రైవులో వేసికొని, అచ్చు తీయించుటకు తిరువూరు వెళ్ళినాడు. అచ్చటి కంప్యూటరు తెరపై తెలుగక్షరము ఒక్కటియు లేదు. ఆంగ్లాక్షరములు, డాలరు గుర్తులు, నక్షత్రపు గుర్తులు కలగాపులగముగా కనబడినవి. పరీక్ష మరునాడే. తెలుగున టైపు చేసిన వారిలో చాలమందికి ఈ అనుభవము ఒక్కసారియైనను కలిగియుండును. ఆ అక్షరములు ఎచ్చటికి పోయినవి?

నిజమునకు అవి ఆ ఫైలులో ఎన్నడును లేవు. కంప్యూటరునకు అక్షరము తెలియదు, సంఖ్య మాత్రమే తెలియును. ఏ అక్షరమునకు ఏ సంఖ్య అను పట్టిక ముందుగా ఏర్పడియుండవలెను. 1963లో అమెరికాలో ఏర్పడిన ఆస్కీ పట్టికలో 128 స్థానములు మాత్రమే కలవు. ఆంగ్లాక్షరములు, అంకెలు, విరామ చిహ్నములు, కొన్ని యంత్రాజ్ఞలు కలిసి వానిని నింపివేసినవి. తెలుగునకు అందు చోటు లేదు.

మన దేశమున దీనికి మార్గము వెదకినవారిలో కాన్పూరు ఐ.ఐ.టి. వారు ముఖ్యులు. 1980 దశకమున అచ్చట రూపొందిన జిస్ట్ పద్ధతిని, 1988లో పూనాలో స్థాపింపబడిన సి-డాక్ సంస్థ వ్యాప్తిలోనికి తెచ్చినది. 1986లో ఇన్‌స్క్రిప్ట్ కీబోర్డు ప్రమాణమైనది. అచ్చులు, గుణింతపు గుర్తులు ఎడమచేతి వైపు, హల్లులు చాలవరకు కుడిచేతి వైపు. ‘క’ ఉన్న మీటనే షిఫ్టుతో నొక్కిన ‘ఖ’ వచ్చును. తెలుగు నేర్చిన వ్రేళ్ళు హిందీనిగాని కన్నడమునుగాని అవే స్థానములలో టైపు చేయగలవు. భారతీయ లిపులన్నిటికి ఉమ్మడిగా ఇస్కీ అను సంకేత పట్టిక 1991లో భారతీయ ప్రమాణముగా వెలువడినది. ఇంత శాస్త్రీయమైన ఏర్పాటు మన అచ్చుశాలలలో వేళ్ళూనలేదు, ఇది విచారకరమే.

అచ్చుశాలలు పట్టుకొన్నది దగ్గరి దారి. ఆంగ్లాక్షరముల సంఖ్యలనే ఉంచి, వాని బొమ్మల స్థానమున తెలుగు బొమ్మలను పెట్టిన ఫాంటును తయారు చేసిరి. తలకట్టు ఒక సంఖ్య, గుడి ఒక సంఖ్య, ఒత్తు ఒక సంఖ్య. అను, శ్రీలిపి వంటి సాఫ్ట్‌వేరులు ఈ మార్గమున వచ్చినవే. పేజ్‌మేకరుతో జతపడి పెండ్లి శుభలేఖల నుండి పాఠ్యపుస్తకముల వరకు ముద్రించినవి. వానిని తక్కువ చేయరాదు. అందమైన తెలుగును కాగితముపైకి తెచ్చిన కీర్తి వానిదే. కాని ఆ ఫాంటు లేని కంప్యూటరులో అదే సంఖ్యలు తమ అసలు ఆంగ్లరూపమును చూపును. ఒక కంపెనీ పట్టిక వేరొక కంపెనీ పట్టికతో కలియదు. మన ఉపాధ్యాయుని కాగితమునకు జరిగినది ఇదియే.

ఇదే కాలమున అమెరికాలో చదువుకొనుచున్న తెలుగువారు వేరొక ఉపాయము పన్నిరి. రైస్ విశ్వవిద్యాలయములో కన్నెగంటి రామారావు, ఆనంద కిషోర్ కలిసి ఆర్.టి.ఎస్. అను లిప్యంతరీకరణ పద్ధతిని ఏర్పరచిరి. ఆర్ తరువాత రెండు ఏ లు కొట్టిన ‘రా’. చిన్నబడి డి ‘ద’, పెద్దబడి డి ‘డ’. తెలుగు కీబోర్డు ఎరుగని వారికిది వరమైనది.

1991 అక్టోబరులో వెలువడిన యూనికోడ్ ప్రపంచ లిపులన్నిటికి ఒకే పట్టికను ప్రతిపాదించినది. భారతీయ లిపులకు ఇస్కీ అమరికయే అందు ఆధారమైనది. తెలుగునకు 3072 నుండి 3199 వరకు 128 స్థానములు లభించినవి. ఇందు అక్షరమునకే గాని దాని ముక్కలకు సంఖ్యలు లేవు. ‘క్ష’ అనగా 3093, 3149, 3127 – క, పొల్లు, ష. మూడింటిని కలిపి ఒక్క రూపముగా చూపుట ఫాంటు పని. 2001లో వచ్చిన విండోస్ ఎక్స్‌పీలో గౌతమి అను తెలుగు ఫాంటు చేరినది. దేశికాచార్యులు రూపొందించిన పోతన, వేమన ఫాంటులు ఉచితముగా లభించినవి. తెలుగు వికీపీడియాకు 2003 డిసెంబరులో అంకురార్పణ చేసిన వెన్న నాగార్జునయే ‘పద్మ’ను నిర్మించిరి. దాని ఆధారముగా వీవెన్ 2006లో ‘లేఖిని’ని అందించిరి. ఆంగ్లాక్షరములు కొట్టుచుండగనే ప్రక్కన తెలుగు వచ్చుచుండును.

పద్మ చేసిన పని ఎంత చిక్కైనదో ‘క్రి’ అను ఒక్క అక్షరమువలన తెలియగలదు. మనము వ్రాయునప్పుడు ముందు ‘కి’ వ్రాసి, పిదప రకారపు ఒత్తు ఇత్తుము. పాత ఫాంటులు ఈ చూపు వరుసనే అనుసరించినవి. యూనికోడ్‌లో వరుస ఉచ్చారణను బట్టి క, పొల్లు, ర, గుడి అని ఉండవలెను. కనుక పాత ఫైలును మార్చునప్పుడు ఒక సంఖ్యకు బదులు వేరొక సంఖ్య వేసిన చాలదు. ముక్కలను కూర్చి, వరుసను మార్చి, అక్షరమును తిరిగి కట్టవలెను. ఎన్నియో సంవత్సరములుగా పాత ఫాంటులలో నిలిచిన పాఠములు, పత్రికలు, కథలు ఈ పని జరుగువరకు వెదకుటకు వీలులేనివి. ‘ఆమ్లజని’ అని వెదకిన ఆ మాట ఫైలులో ఉన్నను దొరకదు.

యూనికోడ్ వచ్చిన తరువాతను చిక్కులు పూర్తిగా తొలగలేదు. 2018 ఫిబ్రవరిలో ‘జ్ఞా’ ఒక ప్రత్యేకమైన సంకేత వరుసలో వచ్చినంతనే ఐఫోనులలోని సందేశముల అప్లికేషను ఆగిపోయెను. అందు అదృశ్యముగా ఒక విడగొట్టు గుర్తు చేరియుండెను. ఆపిల్ సంస్థ అదే నెలలో దానిని సవరించినది. జ్ఞానమునకు మొదటి అక్షరమే యంత్రమునకు మింగుడు పడకపోవుట మనవారికి కొన్నాళ్ళు నవ్వు పుట్టించెను. నకారపొల్లునకు ప్రత్యేక సంఖ్య 2021లో మాత్రమే లభించినది.

మన ఉపాధ్యాయుడు తన పాత పాఠముల ఫైలులను మార్చుకొనదలచినచో, మొదట క్రి, క్ష, స్త్రీ, కై, ర్య వంటి అక్షరములున్న ఒక పుటను మార్చి, అసలు కాగితముతో అక్షరమక్షరము సరిచూచుకొనవలెను. అసలు ఫైలును మాత్రము చెరిపివేయరాదు.