ఎముకల ఫ్లోరోసిస్

ఎముకల ఫ్లోరోసిస్ అనగా త్రాగునీటి ద్వారానూ, కొంతవరకు ఆహారం ద్వారానూ అధికమైన ఫ్లోరైడ్ ఏళ్ళ తరబడి శరీరంలో చేరుట వలన ఎముకలకు, కీళ్ళకు కలిగే వ్యాధి. తెలుగునాట ఈ వ్యాధి పేరు చెప్పగానే నల్గొండ గుర్తుకు వస్తుంది. కాని భారతదేశంలో దీనిని మనుషులలో మొదట గుర్తించినది దర్శి, పొదిలి, కనిగిరి ప్రాంతాలలో. మెట్ట పైర్లు పండించే ఈ ప్రాంతాలలో నడుము నొప్పి, మోకాళ్ళ నొప్పి అంటే "పొలం పని చేసిన ఒళ్ళు కదా" అని సరిపెట్టుకొనుట సాధారణం. అందువలన వ్యాధి ముదిరే వరకు చాలామందికి అసలు కారణం తెలియదు.

చరిత్ర

మద్రాసు గిండీలోని కింగ్ ఇన్‌స్టిట్యూట్‌కు చెందిన హెచ్. ఇ. షార్ట్ తన సహచరులతో కలిసి 1937లో ఇండియన్ మెడికల్ గెజెట్ పత్రికలో నెల్లూరు జిల్లాలోని ఫ్లోరోసిస్‌ను గురించి వ్యాసం ప్రచురించాడు. ఆ సహచరులలో ఒకరైన సి. జి. పండిట్ తరువాతి కాలంలో భారత వైద్య పరిశోధన మండలికి తొలి డైరెక్టరు అయ్యాడు. పైన చెప్పిన మూడు ప్రాంతాలు అప్పట్లో నెల్లూరు జిల్లాలో ఉండేవి. 1970లో ఒంగోలు జిల్లా ఏర్పడినపుడు అందులో చేరాయి. 1972లో ఆ జిల్లాకు ప్రకాశం అని పేరు మార్చారు. పాత వైద్య గ్రంథాలలో నెల్లూరు పేరు మాత్రమే కనిపించుటకు ఇదే కారణం.

నల్గొండ జిల్లాలోని వ్యాధిని గూర్చిన వ్యాసం 1955లో బ్రిటిష్ మెడికల్ జర్నల్‌లో వచ్చినది. ఆ జిల్లాలోనే, మోకాళ్ళు ఒకదానికొకటి తగులుతూ పాదాలు ఎడంగా ఉండే వంకర కాళ్ళను హైదరాబాదులోని జాతీయ పోషకాహార సంస్థ శాస్త్రవేత్తలు 1970లలో అధ్యయనం చేశారు.

కారణాలు

ఈ ప్రాంతపు నేల క్రింద ఉన్న గ్రానైట్, నీస్ శిలలలో ఫ్లోరైడ్ గల ఖనిజాలు ఉన్నవి. క్షారగుణం ఎక్కువగాను, కాల్షియం తక్కువగాను ఉన్న నీరు ఆ శిలల మధ్య చాలాకాలం నిలిచినపుడు ఫ్లోరైడ్‌ను కరిగించుకుంటుంది. వాన తక్కువైన చోట బోర్లు లోతుకు పోయే కొద్దీ అటువంటి నీరే పైకి వస్తుంది. లీటరు నీటిలో ఫ్లోరైడ్ 1.5 మిల్లీగ్రాములు మించరాదని ప్రపంచ ఆరోగ్య సంస్థ సూచన. భారతీయ ప్రమాణాల ప్రకారం 1 మిల్లీగ్రాము వరకు ఉండవచ్చు. వేరే నీరు దొరకని చోట మాత్రమే 1.5 వరకు అనుమతి ఉన్నది. ఫ్లోరైడ్‌కు రంగు, రుచి, వాసన లేవు కనుక పరీక్ష చేయించనిదే తెలియదు.

లక్షణాలు

పిల్లలలో మొదట పళ్ళ మీద సుద్ద వంటి తెల్లని మచ్చలు, తరువాత పసుపు, గోధుమ రంగు గార కనిపిస్తాయి. పళ్ళు ఏర్పడే వయసులోనే ఇది జరుగుతుంది. తోమినంత మాత్రాన ఈ గార పోదు. పెద్దలలో మెడ, నడుము, మోకాళ్ళు పట్టివేస్తాయి. ఎముకలు దట్టమై, వాటిని కలిపే బంధనాలలో సున్నం పేరుకుంటుంది. వెన్నెముక వెదురుబొంగు వలె బిగుసుకొనిపోతుంది. మనిషి పక్కకు చూడాలంటే ఒళ్ళంతా తిప్పవలసి వస్తుంది. మరీ ముదిరినపుడు వెన్నుపాము నలిగి కాళ్ళు చచ్చుబడవచ్చు.

గ్రామాలలో అనుమానితులను గుర్తించుటకు మూడు సులభమైన పరీక్షలు వాడుకలో ఉన్నవి. మోకాళ్ళు వంచకుండా ముందుకు వంగి పాదాల వ్రేళ్ళను తాకగలగాలి. గడ్డాన్ని రొమ్ముకు ఆనించగలగాలి. రెండు చేతులను తల వెనుకకు చేర్చగలగాలి. ఇవి చేయలేని వారందరికీ ఫ్లోరోసిస్ అని కాదు. నీటి పరీక్ష, మూత్రంలో ఫ్లోరైడ్ పరీక్ష, ముంజేయి ఎక్స్‌రే చూసిన తరువాతనే వైద్యులు నిర్ధారిస్తారు. ముంజేతిలోని రెండు ఎముకల నడుమ ఉండే పొర గట్టిపడి ఎక్స్‌రేలో కనిపించుట ఈ వ్యాధికి మంచి గుర్తు.

ఇతర కీళ్ళ నొప్పులతో పోలిక

గుంటూరు, ప్రకాశం ప్రాంతాలలో మిరప కోతలకు, పత్తి తీతలకు వెళ్ళే కూలీలు రోజంతా నడుము వంచి పని చేస్తారు. వారికి వచ్చే నడుము నొప్పి విశ్రాంతితో తగ్గుతుంది. ఫ్లోరోసిస్ బిగువు విశ్రాంతితో పోదు. వయసుతో వచ్చే మోకాళ్ళ అరుగుదలలో నొప్పి నడిస్తే ఎక్కువవుతుంది, మెడ మాత్రం తిరుగుతుంది. చేతివ్రేళ్ళ చిన్న కీళ్ళు రెండు వైపులా వాచి, ఉదయం చాలాసేపు బిగుసుకుని ఉంటే కీళ్ళవాతాన్ని అనుమానించాలి. 2006లో ఆంధ్ర ప్రదేశ్‌ను పీడించిన చికున్‌గున్యా జ్వరం తరువాత కూడా పలువురికి నెలల పాటు కీళ్ళ నొప్పులు ఉన్నవి. కబడ్డీ వంటి ఆటలలో మోకాలు మెలిపడితే నొప్పి ఆ క్షణంలోనే మొదలై వాపు వస్తుంది. దానికి విశ్రాంతి, ఐసు కాపడం, కట్టు, కాలు ఎత్తులో ఉంచుట ప్రథమ చికిత్స. మోకాలు నిలవకపోతే ఎముకల వైద్యునికి చూపించాలి.

చికిత్స

ఎముకలో చేరిన ఫ్లోరైడ్‌ను తొలగించే మందు లేదు. నీరు మార్చుటయే అసలు చికిత్స. తొలి దశలో నీరు మారిస్తే నొప్పులు తగ్గే అవకాశం ఉన్నది. ముదిరిన వంకరలకు, నలిగిన వెన్నుపాముకు శస్త్రచికిత్స అవసరం కావచ్చు. పాలు, రాగులు, ఆకుకూరలు, విటమిన్ సి గల పండ్లు మేలు చేస్తాయి. చింతపండు తిన్న బాలురలో మూత్రం ద్వారా ఫ్లోరైడ్ ఎక్కువగా పోయినట్లు జాతీయ పోషకాహార సంస్థ 2002లో ప్రచురించినది. అంతమాత్రాన పులుసు త్రాగితే జబ్బు నయమవుతుందని భావించరాదు.

పల్లెలలో జరుగుతున్న పెద్ద పొరపాటు వేరొకటి ఉన్నది. నొప్పి బిళ్ళలు ఏళ్ళ తరబడి వాడితే మూత్రపిండాలు దెబ్బ తినవచ్చు. శరీరం నుండి ఫ్లోరైడ్‌ను బయటకు పంపేది ఆ మూత్రపిండాలే.

నివారణ

నీటిని కాచినా, క్లోరిన్ కలిపినా ఫ్లోరైడ్ పోదు. కాచితే నీరు ఆవిరై ఫ్లోరైడ్ ఇంకా చిక్కబడుతుంది. నాగపూర్‌లోని నీరి సంస్థ 1970లలో రూపొందించిన నల్గొండ పద్ధతిలో పటిక, సున్నం, బ్లీచింగ్ పౌడరు కలిపి, నీటిని తేర్చి వడపోస్తారు. ఖర్చు తక్కువే కాని, పాళ్ళు సరిగా చూసుకోవాలి. సాగర్ కుడి కాలువ నీరు వంటి ఉపరితల జలాలలో ఫ్లోరైడ్ సాధారణంగా తక్కువ. 1996లో శంకుస్థాపన జరిగిన వెలిగొండ ప్రాజెక్టు లక్ష్యాలలో ఫ్లోరైడ్ పీడిత గ్రామాలకు త్రాగునీరు అందించుట ఒకటి. 2008-09లో మొదలైన జాతీయ ఫ్లోరోసిస్ నివారణ, నియంత్రణ కార్యక్రమానికి తొలి ఏడాది ఎంపికైన ఆరు జిల్లాలలో నెల్లూరు ఒకటి.

చాలా గ్రామాలలో ఆర్.ఓ. ప్లాంటు నీటిని క్యాన్లలో తెచ్చుకుని త్రాగుతున్నారు. ఆ ప్లాంటు వదిలే వృథా నీటిలో ఫ్లోరైడ్ మరింత ఎక్కువ కనుక పశువులకు పెట్టరాదు. వంటకు మాత్రం బోరు నీరే వాడుకునే ఇళ్ళలో, అన్నం, పప్పు ఉడుకుతూ పీల్చుకున్న నీటితో పాటు ఫ్లోరైడ్ కూడా కంచంలోకి వస్తుంది.